మొదటి పేరా

మా అన్నయ్య దగ్గర ఒక కత్తెర ఉంది. పత్రికాఫీసులో చివరి రోజున అతనికి ఒక గోడ గడియారం, పూలగుత్తి, అందరూ సంతకాలు చేసిన ఫొటో ఇచ్చారు. గడియారం నాకిచ్చాడు. పూలు వాడిపోయాయి. ఫొటో ఎక్కడుందో అతనికే తెలియదు. డెస్కు సొరుగులోంచి తీసి జేబులో వేసుకొచ్చిన ఈ కత్తెర మాత్రం ఇప్పటికీ బల్ల మీద కలాల డబ్బాలో నిలబడి ఉంటుంది. కంప్యూటర్లు రాకముందు విలేకరులు రాసి పంపిన కాగితాలను అడ్డంగా కోసి, పనికొచ్చే ముక్కలు అతికించి అచ్చుకు పంపేవారట. అది ఆ రోజుల నాటిది.

"ఈ కత్తెర ఎంతమంది పెద్దమనుషుల గొప్పలు కోసిందో నీకు తెలీదు చెల్లాయ్," అనేవాడు.

"ఇప్పుడు పాల ప్యాకెట్టు కొయ్యడానికైనా పనికొస్తుందా?" అనేదాన్ని నేను.

మాది అలాంటి వరస. నేను బళ్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. అతను అక్షరాల మనిషి, నేను అంకెల మనిషిని. ఒకే ఇంట్లో ఎదురెదురు వాటాల్లో ఉంటాం. వదిన పోయాక అతని భోజనం కూడా నా వంటింట్లోనే. చిన్నప్పటి నుంచీ ఒకరి మీద ఒకరు నెగ్గాలని చూడటమే తప్ప, ఏ సంగతిలోనూ ఒక్క మాట మీద నిలబడినవాళ్లం కాదు. ఈ కత్తెర సంగతిలో చివరికి నేనే నెగ్గాను. అందుకే చెబుతున్నాననుకోకండి. ఓడిపోయి ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనుకుంటూనే ఉంటాను.

శనివారం పొద్దున అన్నయ్య ముందుగదిలో పిల్లలకు రాత నేర్పేవాడు. అది మొదలైంది కామా కోసం. కామా అంటే మా మేనకోడలి కూతురు, అంటే అన్నయ్యకు మనవరాలు. బళ్లో వేరే పేరుంది కానీ ఇంట్లో తాత పెట్టిన పేరే నిలిచిపోయింది. ఆ పిల్ల ఏ మాటైనా సగం చెప్పి ఆగేది. "తాతయ్యా, నాకు..." అని నీళ్లు నమిలేది. తర్వాతి ముక్క రావాలంటే మనం చేతిలో పని పక్కన పెట్టి ఎదురుచూడాలి. దాని ఎనిమిదో ఏట తండ్రి జబ్బు చేసి పోయాడు. తల్లి వంతెనలు కట్టే ఇంజనీరు. పని ఎక్కడ నడుస్తుంటే అక్కడ రేకుల గదిలో ఉండాలి. పిల్లను అక్కడ ఎలా పెంచుతుంది? తెచ్చి తాత దగ్గర దింపింది. నన్ను లెక్కల అమ్మమ్మ అని పిలిచేది.

నోటితో రానిది చేత్తోనైనా వస్తుందేమోనని అన్నయ్య దాని ముందు కాగితం పెట్టాడు. మొదటిసారి రాసిన దాంట్లోనే ఒక మాట ఉంది. 'అమ్మ హెల్మెట్ పెట్టుకుని ఫోన్ చేస్తుంది, అందుకని నేను చెప్పేది సగమే వినపడుతుంది' అని. అన్నయ్య ఆనందం పట్టలేకపోయాడు. నాకు చదివి వినిపించాడు. పాలబ్బాయికి వినిపించాడు. మీటరు చూడటానికి వచ్చిన మనిషిని గుమ్మంలో ఆపి మరీ వినిపించాడు. ఆయన పాపం చేతిలో మీటరు కాగితాలతో నిలబడి, బాగుందండీ అని వెళ్లిపోయాడు.

"నలభై ఏళ్లు డెస్కు ముందు కూచున్నా. ఇలాంటి వాక్యం నాకు ఎన్నిసార్లు తగిలిందనుకున్నావ్?" అన్నాడు నాతో.

"పిల్ల బెంగ పెట్టుకుందని దాని అర్థం," అన్నాను.

"అర్థం సరే. వాక్యం చూడు ముందు."

అదీ మా అన్నయ్య. మంచివాడే. కాకపోతే ఇల్లు తగలబడుతుంటే కూడా ఎవరో సరిగ్గా అరిచారా లేదా అని వింటాడు.

కామా రాతలు చూసి వీధిలో తల్లిదండ్రులు తమ పిల్లల్నీ పంపడం మొదలుపెట్టారు. పెద్ద బల్ల చుట్టూ ఏడెనిమిది మంది చేరారు. చేతికందిన వేగంతో రాసుకుపోయేవాడికి ఇంజను అని పేరు పెట్టాడు అన్నయ్య. ముక్కు చివరి నుంచి కళ్లద్దాలు జారిపోతుంటే ఎగదోసుకుంటూ రాసే అమ్మాయి కళ్లద్దాలు. ఫీజు లేదు. కాగితాలు కూడా అన్నయ్యవే. ఒక వైపు అచ్చయిన పాత ప్రూఫులు, వెనక తెల్లవైపు పిల్లలకు.

తరగతి నడిచే పద్ధతి ఇలా ఉండేది. అన్నయ్య ఒక విషయం ఇస్తాడు. పిల్లలు అరగంట రాస్తారు. తర్వాత ఒక్కొక్కరి కాగితం తీసుకుని, మొదటి పేరాను కత్తెరతో అడ్డంగా కోసేస్తాడు. మిగిలింది పైకి చదువుతాడు. కోసిన ముక్కను రాసినవాళ్లే లేచి గుమ్మం దగ్గరి బుట్టలో పడెయ్యాలి.

నవ్వులాటకు చేసే పని కాదది. మొదట్లో నేను కూడా చూసి మెచ్చుకున్నాను. ఒకసారి ఇంజను 'నా స్నేహితుడు' అని రాశాడు. మొదటి పేరాలో స్నేహం చాలా గొప్పది, మనిషన్నాక స్నేహితుడు ఉండాలి, స్నేహితుడు లేని జీవితం వృథా అని గంభీరంగా సాగదీశాడు. అన్నయ్య దాన్ని చదివి, కోసేసి, కింద మిగిలింది చదివాడు. 'వాడు నా పెన్సిలు కొరుకుతాడు. తనది కొరకడు.' పిల్లలందరూ ఒక్కసారి నవ్వారు. ఆ స్నేహితుడు కూడా అక్కడే కూచుని ఉన్నాడు, వాడు మరీ నవ్వాడు.

"చూశారా. మాట్లాడబోయే ముందు గొంతు సవరించుకుంటాం. మొదటి పేరా అంతే. గొంతు సవరించుకోవడం. అది లోకానికి వినిపించక్కర్లేదు," అన్నాడు అన్నయ్య.

ఆ సూత్రం పని చేసింది. ఆ పిల్లల రాతలు నిజంగానే బాగుపడ్డాయి. బడుల మధ్య పోటీ పెడితే మా వీధి పిల్లలే ముందుండేవారు. తల్లిదండ్రులు అన్నయ్యను నెత్తిన పెట్టుకున్నారు. మనుషులు నెత్తిన పెట్టుకున్నాక అన్నయ్య ఒక పొరపాటు చేశాడు. మొదట్లో పేరాను చదివి కోసేవాడు. పోనుపోను చదవడం మానేశాడు. కాగితం చేతికి రాగానే కళ్లు రెండో పేరా మీదే, కత్తెర మొదటిదాని మీద.

"చదివి కొయ్యి," అన్నాను ఒకరోజు. "నా దగ్గర ఒక పిల్లాడు లెక్క చేస్తే, మొదటి వరస చూడకుండా కొట్టేసి చివరి వరసకి మార్కులు వేస్తానా?"

"చదివితే జాలేస్తుంది చెల్లాయ్. జాలేస్తే కొయ్యలేం. ఇది లెక్క కాదు, రాత."

లెక్కలదానివి నీకేం తెలుసు అని పైకి అనలేదు. అనకపోయినా వినపడింది. సరే నాకెందుకులే అని వంటింట్లోకి వెళ్లిపోయాను.

పిల్లలు గడుగ్గాయిలు. తాతయ్య మొదటి పేరా చదవడని వాళ్లకు తెలిసిపోయింది. దాంతో అసలు విషయం రెండో పేరా నుంచి మొదలుపెట్టి, పైన ఏదో ఒకటి నింపడం నేర్చుకున్నారు. దానికి 'కత్తెర పేరా' అని వాళ్లలో వాళ్లే పేరు కూడా పెట్టుకున్నారు. ఇంజను అందులో నిన్నటి ఆట స్కోరు రాసేవాడు. కళ్లద్దాలు వాళ్ల అన్నను తిట్టిపోసేది. వరండాలో చెప్పులు వేసుకుంటూ ఆ ముచ్చట్లే చెప్పుకునేవారు. నేను విని, నవ్వుకుని, అన్నయ్యకు చెప్పాను.

"పిల్లలు నీ కత్తెరకి మేత వేస్తున్నారు."

"తెలివైనవాళ్లు," అని మురిసిపోయాడు. "నేను కొయ్యక్కర్లేకుండానే నేర్చుకున్నారన్నమాట."

మరి ఇంకా ఎందుకు కోస్తున్నావని నేనడగలేదు. అడిగినా మానేవాడు కాదు. ఆ కత్తెర చేతిలో ఉన్నంతసేపూ ముఖంలో డెస్కు నాటి కళ కనపడేది.

కామా కూడా కత్తెర పేరా రాసేది. ఏం రాసేదో ఎవరికీ తెలియదు. మిగతా పిల్లల్లా పక్కవాళ్లకు చూపించి కిసుక్కుమనేది కాదు. చెయ్యి అడ్డం పెట్టుకుని రాసేది. తాత కోశాక ఆ ముక్కను నాలుగు మడతలు పెట్టి బుట్టలో పడేసేది. దాని రాత అప్పటికి బాగా చక్కబడింది. ఎక్కడా తడబాటు లేదు. కాకపోతే హెల్మెట్ లాంటి మాట మళ్లీ రాలేదు. అన్నయ్య అది గమనించాడో లేదో నాకు తెలియదు. "పదును వస్తోంది," అనేవాడు.

దానికి పదేళ్లు నిండాక, దూరంగా ఒక ఊళ్లో మంచి పేరున్న హాస్టల్ బడిలో సీటొచ్చింది. తల్లే దరఖాస్తు పెట్టింది. అన్నయ్యకు ఫోన్ చేసింది. నేను పక్కనే ఉన్నాను, స్పీకర్లో విన్నాను.

"నాన్నా, దానికి ఇష్టమైతేనే. ఇష్టం లేకపోతే ఈ సీటు వదిలేద్దాం. నేనడిగితే నా మొహం చూసి ఊ అంటుంది. నువ్వడుగు. నీతో అయితే చెబుతుంది."

"నువ్వేం దిగులు పడకు. దాని మనసులో ఏముందో నేను కనుక్కుంటానుగా," అన్నాడు అన్నయ్య.

ఆ రాత్రి అన్నం తింటుంటే ఎదురుగా పిల్ల. ఇప్పుడడుగుతాడు, ఇప్పుడడుగుతాడు అని నేను చూస్తున్నాను. మజ్జిగ పోసుకున్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, వెళ్లి పేపరు తీశాడు. పిల్ల పడుకున్నాక అతని వాటాకు వెళ్లి నిలదీశాను.

"శనివారం రాయిస్తాను," అన్నాడు.

"ఏంటి రాయించేది?"

"నేను కొత్త చోటికి వెళితే, అని. అందరికీ అదే ఇస్తాను, దానికి అనుమానం రాదు. చూడు చెల్లాయ్, పిల్లల్ని నోటితో అడిగితే మనకి నచ్చేది చెబుతారు. రాయమంటే నిజం చెబుతారు."

"పక్కన కూచోబెట్టుకుని, వెళ్తావా అమ్మా అని అడిగితే పోయేదానికి ఇంత డొంకతిరుగుడు ఎందుకు?"

"అది నోరు విప్పదే. నీకు తెలుసుగా."

నిజానికి నోరు విప్పనిది ఆ పిల్ల ఒక్కతే కాదు. వదిన ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో కూడా మా అన్నయ్య ఆమె మంచం పక్కన కూచుని పేపరు చదివి వినిపించేవాడు కానీ, ఎలా ఉందని అడిగేవాడు కాదు. అడిగితే ఆమె ఏం చెబుతుందో అని భయం. ఆ భయానికే అతను రాత అని పేరు పెట్టుకున్నాడు.

ఆ శనివారం నేను కూడా ముందుగదిలోనే కూచున్నాను. చేతిలో అంకెల పజిలు పెట్టుకున్నాను గానీ కళ్లు కామా మీదే. మొదటి పేరా రాయడానికి చాలాసేపు పట్టింది దానికి. రాస్తుంది, ఆగుతుంది, తాత వైపు చూస్తుంది, మళ్లీ రాస్తుంది. తర్వాతిదంతా గబగబా, ఎవరో చెబుతుంటే రాసుకున్నట్టు రాసేసింది. కాగితం ఇచ్చి తన కుర్చీలోకి వెళ్లలేదు. బల్ల పక్కనే నిలబడింది.

అన్నయ్య చెయ్యి అలవాటు ప్రకారం కత్తెర వైపు వెళ్లింది. ఒక్క కోత. ముక్క బల్ల మీద పడింది. కామా దాన్ని చూసింది. తాతను చూసింది. అన్నయ్య అప్పటికే చదవడం మొదలుపెట్టాడు. కొత్త చోట తన మంచం కిటికీ పక్కన ఉంటుందట. పొద్దున్నే గంట మోగితే అందరికంటే ముందు లేస్తుందట. పక్క మంచం అమ్మాయికి లెక్కలు రాకపోతే లెక్కల అమ్మమ్మ చెప్పినట్టు చెబుతుందట. రాత్రిపూట తాతయ్యకు ఉత్తరం రాస్తుందట, అమ్మకు ఫోన్ చేస్తే ఇప్పుడు హెల్మెట్ తీసేసి వింటుందట. చదువుతూ చదువుతూ అన్నయ్య ఆగాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. నాకు కూడా కళ్లు చెమర్చాయి, ఎందుకు అబద్ధం చెప్పాలి.

"చూశావా చెల్లాయ్," అన్నాడు.

కామా తన ముక్క తీసుకుని బుట్ట దగ్గరికి వెళ్లింది. మిగతా పిల్లల్లా విసిరేసి రాలేదు. కాసేపు అలా పట్టుకుని నిలబడింది. తర్వాత మడతపెట్టి పడేసింది.

మధ్యాహ్నం అన్నయ్య కూతురికి ఫోన్ చేశాడు. "పిల్ల సంబరంగా ఉందమ్మా. స్వయంగా రాసిచ్చింది. కావాలంటే చదివి వినిపిస్తాను," అని చదివాడు. అవతల ఏడుపు వినపడింది. అది సంతోషమో దిగులో నాకు తెలియలేదు. సీటు ఖాయం చేశారు.

వెళ్లే రోజు పెట్టె సర్దింది నేనే. దుస్తుల మీద పేరు కుట్టాలని హాస్టల్ వాళ్లంటే అసలు పేరు కుట్టాను, కామా అని కుట్టాలనిపించినా. తల్లి కారు దగ్గర నిలబడి తొందరపెడుతోంది. పిల్ల గుమ్మంలో ఆగి తాత చెయ్యి పట్టుకుంది.

"తాతయ్యా, నేను రాసింది... మొత్తం చదివావా?"

"అక్షరం వదలకుండా చదివాను తల్లీ. చాలా బాగా రాశావు."

"సరే," అంది.

ఆ 'సరే' నాకు ఎక్కడో గుచ్చుకుంది. కానీ కారు కదులుతుంటే ఏం గుచ్చుకుందో ఎవరు వెతుక్కుంటారు? చెయ్యి ఊపాం. లోపలికి వచ్చాం. అన్నయ్య ఆ పూట అన్నం తినలేదు. పిల్ల సుఖంగా ఉంటుందిలే, తనకు కావాల్సిందే జరిగిందిగా అని నేనే సముదాయించాను.

కామా అక్కడ బాగానే చదువుకుంది. మార్కులు బాగా వచ్చేవి. బడి పత్రికలో దాని వ్యాసం అచ్చయితే ఒక ప్రతి పంపింది. అన్నయ్య దాన్ని రెండుమూడుసార్లు చదివి బల్ల మీద పెట్టాడు. ఈసారి పాలబ్బాయిని ఆపలేదు.

"బాలేదా?" అన్నాను.

"బాగుంది. వేలెత్తి చూపించడానికి ఏమీ లేదు. కానీ ఇందులో ఎవరూ లేరు చెల్లాయ్. తలుపు తీసి లోపలికి వెళ్తే ఇల్లంతా సర్ది ఉంది, మనిషి లేడు."

"ఆ బళ్లో అలాగే నేర్పుతున్నారేమో."

"అంతే అయ్యుంటుంది," అన్నాడు. ఆ బడి మీద నెపం వేసుకుని ఇద్దరం కొన్నాళ్లు గడిపేశాం.

కామా సెలవులకు వచ్చింది. పొడుగైంది. మాట మధ్యలో ఆగడం మానేసింది. అడిగినదానికి జవాబు చెప్పి ఊరుకుంటుంది. పెద్దదైపోయిందని అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఆ పిల్ల నీళ్లు నమలడం మళ్లీ ఎప్పుడు వింటానా అనిపించేది.

వచ్చిన రెండో రోజే పాత స్నేహితులు చూడటానికి వచ్చారు. వరండాలో కూచుని కబుర్లు. అన్నయ్య కుర్చీలో కునుకుతున్నాడు. కామా లోపలికి మంచినీళ్లు తేవడానికి వెళ్లినప్పుడు ఇంజను కళ్లద్దాలతో అన్నాడు. "దీని కత్తెర పేరాలు ఒక్కటి కూడా మనకి చూపించలేదు గుర్తుందా? మనమంతా చెత్త రాసేవాళ్లం. ఇది మాత్రం ఏదో పరీక్ష రాసినట్టు రాసేది." కళ్లద్దాలు తలూపింది. "ఒకసారి రాస్తూ ఏడ్చింది కూడా. కొత్త చోటు గురించి రాసిన రోజు."

అన్నయ్య కళ్లు తెరిచాడు.

సాయంత్రం పిల్లలు వెళ్లాక, కామా మెట్ల మీద కూచుని చెప్పుల పట్టీ బాగుచేసుకుంటోంది. అన్నయ్య వెళ్లి పక్కన కూచున్నాడు. మోకాళ్లు పట్టేసే మనిషి, ఆ మెట్ల మీద ఎప్పుడూ కూచోడు. నేను తలుపు దగ్గరే నిలబడిపోయాను.

"అమ్మా, ఆ రోజు కొత్త చోటు గురించి రాశావు చూడు. పైన ఏం రాశావు?"

"ఎక్కడ పైన?"

"నేను కోసేసిన దాంట్లో."

కామా పట్టీ బిగించి, చెప్పు పక్కన పెట్టింది. "వెళ్లను అని రాశా," అంది.

తనే చెప్పుకుపోయింది, ఎవరి సంగతో చెబుతున్నట్టు.

"సీటు సంగతి స్పీకర్లో నేనూ విన్నా. తాతయ్యా నేను వెళ్లను, ఇక్కడే ఉంటాను, అమ్మకి నువ్వే చెప్పు, అని రాశా. నోటితో చెబితే అమ్మ బాధపడుతుందేమో అనిపించింది. అందుకని అక్కడ రాశా. నువ్వు చదివితే ఉండిపోదామనుకున్నా. చదవకపోతే వెళ్లిపోదామనుకున్నా."

"మరి కింద అంత బాగా రాశావు కదమ్మా, కిటికీ, మంచం..."

"కింద బాగా రాయాలి కదా," అంది కామా.

"నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదే తల్లీ."

"నువ్వు కూడా అడగొచ్చు కదా తాతయ్యా."

అందులో కోపం లేదు. కోపం ఉంటే మేం బతికిపోయేవాళ్లం. మామూలుగా అని, చెప్పులు వేసుకుని చూసుకుంది. అన్నయ్య రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని అలాగే ఉన్నాడు. నాకు ముందు అరికాలి మంట నెత్తికెక్కింది. చదివి కొయ్యమని చెప్పానా లేదా అని అక్కడికక్కడే కడిగెయ్యాలనిపించింది. అతని మెడ వెనక ముడతలు చూశాక ఆ కోపం ఎటు పోయిందో. అతన్ని అంత ముసలివాడిగా నేనెప్పుడూ చూడలేదు.

ఆ రాత్రే కూతురికి ఫోన్ చేసి జరిగింది చెప్పాడు. తప్పంతా నాది, పిల్లను వెనక్కి తెచ్చేద్దాం అన్నాడు. తల్లి సరేనంది. వాళ్లిద్దరూ ఒప్పుకున్నాక, ఈసారి నోటితోనే అడిగాడు.

"ఇప్పుడొద్దు తాతయ్యా. అక్కడ అలవాటైపోయింది," అంది కామా. "నాకక్కడ బానే ఉంటుంది. నిజంగా."

ఆ 'నిజంగా' నిజమో కాదో కనుక్కునే దారి మాకు లేదు. బాగానే ఉన్నానని చెప్పడం అది అప్పటికే బాగా నేర్చుకుంది. నేర్పింది మనమే కదా అన్నాడు అన్నయ్య నాతో. మనం అనడంలో నన్ను కలుపుకున్నందుకు నాకు కోపం రాలేదు.

సెలవులు అయిపోయే ముందు శనివారం వచ్చింది. అన్నయ్య పొద్దున్నే లేచి బల్ల తుడిచి, కాగితాలు పేర్చాడు. పిల్లలందరూ కూచున్నాక నిలబడి చెప్పాడు. ఇక నుంచి మొదటి పేరా కోసేది లేదని, ఇన్నాళ్లూ చదవకుండా కోయడం తన తప్పని, రాసిన ప్రతి అక్షరం చదువుతానని అన్నాడు. పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఇంజనుకు ఇది ఏమాత్రం నచ్చలేదు.

"అయితే పైన కూడా ఆలోచించి రాయాలా తాతయ్యా?" అన్నాడు.

"ఆలోచించకుండా రాసినా చదువుతాను," అన్నాడు అన్నయ్య.

ఏది కావాలంటే అది రాయమన్నాడు. విషయం ఇవ్వలేదు. కామా చివరి కుర్చీలో కూచుని, పాత అలవాటుగా చెయ్యి అడ్డం పెట్టుకుని రాసింది. అన్నయ్య అటు చూడకుండా ఉండటానికి నానా తంటాలు పడ్డాడు. కళ్లద్దాలది చదివాడు, ఇంజనుది చదివాడు, పై నుంచి కింది దాకా, ఆట స్కోరుతో సహా. కామా వంతు వచ్చింది. అన్నయ్య చెయ్యి చాపాడు.

కామా లేచి వచ్చింది. కాగితం ఇవ్వలేదు. కలాల డబ్బాలోంచి కత్తెర తీసుకుంది. వంకర పోకుండా, తాత నేర్పినట్టే, మొదటి పేరాను అడ్డంగా కోసింది. ఆ ముక్కను నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుంది. బుట్ట వైపు వెళ్లలేదు. మిగిలిన కాగితం తాతకు అందించింది.

"పైది కూడా ఇవ్వమ్మా. చదువుతాను," అన్నాడు అన్నయ్య.

"అది ఉత్త గొంతు సవరింపే తాతయ్యా," అంది కామా. "కింది నుంచి చదువు. బాగుంటుంది."

ఎత్తిపొడవలేదు. నేర్పిన పాఠం మర్చిపోలేదని చూపించే పిల్లలా చెప్పి, కత్తెరను డబ్బాలో పెట్టేసి, వెళ్లి తన కుర్చీలో కూచుంది. పిల్లలందరూ అన్నయ్య చదువుతాడని చూస్తున్నారు. అతను కళ్లజోడు సర్దుకుని పైకి చదివాడు. వర్షంలో బడి మైదానం గురించి. చక్కగా రాసింది. ఒక్క మాట తీసెయ్యడానికి లేదు, ఒక్క మాట చేర్చడానికి లేదు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

పిల్లలు వెళ్లిపోయాక కూడా అన్నయ్య ఆ కాగితాన్ని పట్టుకుని, కోసిన అంచు మీద బొటనవేలు పెట్టి, చాలాసేపు చదువుతూనే కూచున్నాడు. అంతసేపు చదవడానికి అందులో ఏమీ లేదు.